కుక్కకి ఎముక ఇవ్వొచ్చా వద్దా? ఒక్కొక్కళ్ళు ఒక్కోటి చెప్తున్నారు

బీగిల్అమ్మ
అందరికీ నమస్కారమండీ. చాలా రోజుల్నించి ఇక్కడ చదువుతూనే ఉన్నా గానీ పోస్ట్ పెట్టడం ఇదే మొదలు. మా దగ్గర రెండేళ్ళ బీగిల్ ఉంది, ఆడది, పేరు చిట్టి. కనపడిందల్లా నోట్లో పెట్టుకునే రకం. ఈమధ్య వెనక పళ్ళ మీద పసుపుపచ్చగా గార కడుతోంది, నోరు కూడా వాసనొస్తోంది. వాకింగ్‌లో కలిసే ఒకాయన "ఎముకలెయ్యమ్మా, బ్రష్షుతో పనే ఉండదు" అన్నారు. పక్కనే ఉన్నావిడ "అమ్మో ఎముకలా, పేగులు కోసుకుపోతాయి" అన్నారు. ఇద్దరికీ కుక్కలున్నాయి, రెండూ శుభ్రంగానే ఉన్నాయి, నేనెవరి మాట వినాలి 🙂 ఇంకో తంటా ఏంటంటే మా మామగారు భోంచేసి లేస్తూ ప్లేట్లో మిగిలిన ఎముకలన్నీ దానికి వేసేస్తారు, చిన్నప్పట్నించీ అలాగే కుక్కల్ని పెంచారట, ఒక్కదానికీ ఏం కాలేదట. పెద్దాయన, గట్టిగా చెప్పలేను. తెలిసినవాళ్ళు కాస్త వివరంగా చెప్పండి ప్లీజ్.

రాకీడాడీ
మీ మామగారు కరెక్ట్ మేడమ్. మా రాకీ జర్మన్ షెపర్డ్, పిల్లగా ఉన్నప్పట్నించీ ఎముకలే, చికెన్ మటన్ తేడా లేదు, పచ్చిది వండింది తేడా లేదు, పటపటా నమిలేస్తాడు. కుక్క అంటేనే తోడేలు, తోడేలుకి ఎముకలు తీసి పెట్టేదెవరు? ఈ భయాలన్నీ ప్యాకెట్ ఫుడ్ అమ్ముకునేవాళ్ళు పెట్టినవి.

నైట్‌డ్యూటీ_వెట్
బీగిల్అమ్మ గారూ, ముందు మామగారి ప్లేట్ సంగతి చూద్దాం, అర్జెంటు అదే. వండిన ఎముక వద్దు. చికెన్‌దైనా మటన్‌దైనా, ఉడికించినా వేయించినా కాల్చినా, కుక్క చిన్నదైనా పెద్దదైనా వద్దు. పచ్చి ఎముక గురించి మా వెట్‌లలో, అంటే పశువైద్యుల్లో, వాదనలున్నాయి గానీ దీని గురించి లేవు.

కారణం చెప్తాను, ఊరికే వద్దంటే మీ మామగారు వినరు. ఎముకంటే ఒట్టి కాల్షియం కాదు, దాన్ని పట్టి ఉంచే కొలాజెన్ అనే ప్రోటీన్ కూడా ఉంటుంది. పచ్చి ఎముక కాస్త వంగుతుంది, కొరికితే నలుగుతుంది అంటే ఆ కొలాజెన్ వల్ల, లోపలున్న తేమ వల్ల. వేడి తగిలితే కొలాజెన్ దెబ్బతింటుంది, తేమ పోతుంది, మిగిలేది పెళుసు. అప్పుడు కొరికితే నలగదు, నిలువుగా చీలుతుంది, చీలిన ముక్కకి రెండు చివర్లూ కొస తేలి ఉంటాయి. కోడి కాలెముక మరీ బోలుగా, పల్చగా ఉంటుంది. వండినదాన్ని ఒకటి తీసుకుని చేత్తో విరిచి ఆ అంచు మీద వేలితో మెల్లగా రాసి చూడండి, మీ మామగారి చేత కూడా రాయించండి, నేను చెప్పేదానికన్నా అది బాగా చెప్తుంది.

రాకీడాడీ గారూ, మీవాడికి ఏం కాలేదంటే సంతోషం. ఏం కాని కుక్కల్ని నేను చూడను, అయినవే నా దగ్గరికొస్తాయి, అదీ నిజమే. కానీ వచ్చినవాళ్ళలో చాలామంది చెప్పే మాట కూడా అదే, "ఎప్పుడూ ఇస్తూనే ఉన్నాం డాక్టర్, ఎప్పుడూ ఏం కాలేదు" అని.

రాకీడాడీ
తోడేలు పాయింట్‌కి ఎవరూ జవాబు చెప్పలేదు.

పుస్తకాలపురుగు
నేను చెప్తా బ్రో, నాకిలాంటివి తవ్వుకోవడం సరదా. తోడేలు తినేది పచ్చి ఎముక, అది కూడా మాంసం, తోలు, వెంట్రుకలతో కలిపి, స్టవ్ మీద పెట్టి కాదు. సో మీ రాకీ తినే వండిన ఎముకకి తోడేలు సాక్ష్యం పనికిరాదు. రెండోది, అడవి జంతువులకి ఏం కాదనుకోవడం మన భ్రమ. బ్లెయిర్ వాన్ వాల్కెన్‌బర్గ్ అనే శాస్త్రవేత్త 1988లో పెద్ద మాంసాహార జంతువుల పుర్రెలు బోలెడు చూసి విరిగిన పళ్ళు లెక్కేసింది, సుమారు నాలుగింట్లో ఒకదానికి ఏదో ఒక పన్ను విరిగే ఉంది, ఎముకలు ఎక్కువ కొరికే జాతుల్లో విరగడం ఇంకా ఎక్కువ. తోడేలు పన్ను విరిగితే ఎవరికీ తెలీదు, అది ఫోరంలోకొచ్చి పోస్ట్ పెట్టదు కదా.

పైగా కుక్క తోడేలుగా ఉండటం మానేసి వేల ఏళ్ళయింది. 2013లో జన్యువులు పోల్చి చూస్తే పిండిపదార్థం అరిగించే అమైలేజ్ జీన్ తోడేలుకి రెండే కాపీలు, కుక్కలకి చాలా ఎక్కువ కాపీలు ఉన్నాయని తేలింది. మనుషుల పక్కన ఉండి ఉండి పొట్టే మారిపోయింది.

రాకీడాడీ
పొట్ట మారితే మారింది, పళ్ళు మారలేదుగా.

పుస్తకాలపురుగు
పళ్ళూ మారాయి, దవడ చిన్నదైంది. పగ్ మొహం చూసి తోడేలు అనగలవా నువ్వు?

లాబ్‌గాడి_ఓనర్
మా ఇంట్లో జరిగింది చెప్తా, తర్వాత ఎవరిష్టం వాళ్ళది. ఇంటికి చుట్టాలొచ్చారు, ఎవరో ఒకళ్ళు ప్రేమగా టేబుల్ కింద ఒక ముక్కేశారు, ఎవరేశారో ఇప్పటికీ ఎవరూ చెప్పరు. మావాడు లాబ్రడార్, లాబ్ అంటే తెలుసుగా, నమలడం అనే కార్యక్రమం ఉండదు, గుటుక్కుమనడమే. కాసేపటికి మూల నించుని మెడ ముందుకి చాచి ఊరికే గుటకలేస్తున్నాడు, నోట్లో ఏం లేదు, ఖాళీ గుటకలే. పడుకోబోయి మళ్ళీ లేస్తున్నాడు. చొంగ తీగలు తీగలుగా కారుతోంది, నీళ్ళు తాగినవి తాగినట్టే తెల్లటి నురగతో బయటికొచ్చాయి. దగ్గడం లేదు, ఊపిరి బాగానే ఆడుతోంది, అందుకని ఇంట్లో వాళ్ళు గ్యాసేమో అన్నారు, నాకెందుకో ఆ మెడ చాచడం నచ్చలేదు, తీసుకెళ్ళిపోయా.

ఎక్స్‌రేలో గుండెకి సరిగ్గా పైన తెల్లగా వెడల్పాటి ముక్క. వెన్నెముక ముక్కట, అంచులన్నీ మొనలే. మత్తిచ్చి ఎండోస్కోప్, అంటే కెమెరా ఉన్న గొట్టం, పెట్టి పైకి లాగడానికి చూశారు, రాలేదు, లాగితే గొంతు చీరుకుంటుందని మెల్లగా పొట్టలోకి తోశారు. పొట్టలోకి వెళ్ళాక యాసిడ్‌కి అదే కరుగుతుందన్నారు, తర్వాత మళ్ళీ ఎక్స్‌రే తీస్తే నిజంగానే చిన్నదైపోయింది. ఆపరేషన్ తప్పింది. కానీ లోపల పుండు మానేదాకా వాడికి జావలాంటి తిండి, మందులు, నాకు నిద్రలేని రాత్రులు.

కుంటికుక్కపిల్ల
అయ్యో పాపం. చదువుతుంటేనే గొంతు పట్టేసినట్టైంది.

బీగిల్అమ్మ
వామ్మో. మా చిట్టి కూడా గుటుక్కుమనే బాపతే. డాక్టర్ గారూ, ఒకవేళ మింగేస్తే ఏం చూసుకోవాలి, ఏం చెయ్యాలి? బ్రెడ్ పెడితే ముక్క చుట్టూ చుట్టుకుని మెత్తగా బయటికొచ్చేస్తుందని ఎక్కడో చదివా.

నైట్‌డ్యూటీ_వెట్
లాబ్‌గాడి_ఓనర్ గారు చెప్పింది పాఠం చెప్పినట్టుంది. ఆహారనాళంలో ముక్క ఇరుక్కునేవి మామూలుగా మూడు చోట్లు. మెడ ఛాతీలోకి దిగేచోట ఒకటి, గుండె పైన ఒకటి, పొట్టలోకి వెళ్ళేముందు, ఛాతీకీ పొట్టకీ మధ్య అడ్డుగా ఉండే డయాఫ్రం కండరం దగ్గర ఒకటి. నాళం అక్కడ సాగదు. చిన్న జాతి కుక్కల్లో, ముఖ్యంగా టెర్రియర్లలో ఇది బాగా చూస్తాం. ముక్క ఎంతసేపు అక్కడ ఒత్తుకుంటే గోడ అంత దెబ్బతింటుంది, చిల్లు పడితే ఛాతీలోకి ఇన్ఫెక్షన్, మానినా అక్కడ మచ్చ బిగుసుకుని నాళం ఇరుకైపోవచ్చు. అందుకే రేపు చూద్దాంలే అనకూడదు.

గుర్తులు చెప్తా, వినండి. ఖాళీ గుటకలు, చొంగ, తిన్నది వెంటనే తిరిగి రావడం, కాలితో మూతి రుద్దుకోవడం అయితే నోరో గొంతో. పొట్టా పేగుల్లోకి వెళ్ళినదైతే కొన్ని గంటలకో ఒకట్రెండు రోజులకో వాంతులు, తిండి మానడం, పొట్ట ముట్టుకోనివ్వకపోవడం, ముందుకాళ్ళు చాపి వెనక భాగం పైకెత్తి నించోవడం. చివర్లో పెద్దపేగు దగ్గర పొడి ముక్కలన్నీ గట్టిగా పేరుకుంటే ముక్కుతుంది, రాదు, వచ్చినా రక్తంతో వస్తుంది. పేగుకి చిల్లు పడి పొట్టలో చీము పడితే అది ప్రాణం మీదికొచ్చే సంగతి, గంటలు లెక్కపెట్టుకోవాలి.

ఇంట్లో వాంతి చేయించొద్దు. ఉప్పు నీళ్ళు, పెరాక్సైడ్, నోట్లో వేళ్ళు ఏవీ వద్దు, లోపలికి వెళ్ళేటప్పుడు గుచ్చుకోని మొన పైకొచ్చేటప్పుడు గుచ్చుకోవచ్చు. వెనకవైపు ఏమైనా బయటికి కనపడుతున్నా లాగొద్దు. బ్రెడ్ సంగతి, అది ముక్క చుట్టూ చుట్టుకుంటుందని నమ్మకం పెట్టుకోకండి, గొంతులోనే ఇరుక్కుని ఉంటే దాని మీద ఇంకో ముద్ద కూరినట్టవుతుంది, మత్తివ్వాల్సొస్తే నిండు పొట్ట ఇంకో ఇబ్బంది. ఫోన్ చెయ్యండి, ఎప్పుడు మింగింది, ఎంత ముక్క, వండిందా పచ్చిదా, కుక్క బరువెంత చెప్పండి. ఎముక ఎక్స్‌రేలో కనపడుతుంది, అదొక్కటే అదృష్టం. చాలాసార్లు పొట్టలోకి దిగిన చిన్న ముక్క కరిగిపోతుంది, చూస్తూ ఉండమనే చెప్తాం, కానీ ఆ మాట ఎక్స్‌రే చూశాక మేం చెప్పాలి, చూడకుండా మీరనుకోవడం కాదు.

ఊపిరే ఆడకపోతే, నాలుక నీలంగా మారితే అది వేరే. నోరు తెరిచి కనపడి చేతికందితే తియ్యండి, కనపడకపోతే వేళ్ళతో ఇంకా లోపలికి నెట్టకండి, పక్కటెముకల కింద పొట్టని లోపలికీ పైకీ గట్టిగా నొక్కుతూ దార్లో పడండి.

వంటింటి_పిల్లి
నాదో డౌట్. కుక్కర్లో బాగా మెత్తగా ఉడికించేస్తే? మా అత్త అలాగే పెడుతుంది, ఎముక చేత్తో చిదిమితే పొడైపోతుంది.

నైట్‌డ్యూటీ_వెట్
వేళ్ళ మధ్య పొడైపోయేదాకా ఉడికితే గుచ్చుకునే మొన ఉండదు, నిజమే. కానీ అన్ని ముక్కలూ ఒకేలా ఉడకవు, ఒక్కటి గట్టిగా మిగిలితే చాలు. ఎక్కువ పెడితే మలబద్ధకం ఎటూ ఉంటుంది. పైగా మెత్తటి ఎముక నమిలే వస్తువే కాదు కదా, పళ్ళకి దాంతో ఒరిగేదేం లేదు.

పచ్చిమాంసం_పార్టీ
ఇప్పటిదాకా అందరూ వండిన ఎముకనే తిడుతున్నారు, దాంతో నాకూ గొడవ లేదు. పచ్చి ఎముక సంగతి చెప్పండి. నేను నా రెండు కుక్కలకీ పచ్చివే ఇస్తా, తలకాయంత సైజువి, మింగడానికి వీల్లేనివి, నా కళ్ళముందే, కాసేపే, తర్వాత తీసేస్తా. పళ్ళు చూస్తే తళతళ. ఊరికే అనట్లేదు, 2016లో ఆస్ట్రేలియన్ వెటర్నరీ జర్నల్‌లో బ్రెజిల్ వాళ్ళ స్టడీ వచ్చింది, బీగిల్అమ్మ గారూ వినండి, అందులో కుక్కలు బీగిల్సే. ఎనిమిది పెద్ద బీగిల్స్‌కి పచ్చి ఎద్దు ఎముకలు ఇస్తే 20 రోజుల్లో పళ్ళ మీద గార 80 శాతం పైన తగ్గింది, ఒక్క పన్నూ విరగలేదు, ఒక్క పేగూ మూసుకుపోలేదు. దీనికేమంటారు?

నైట్‌డ్యూటీ_వెట్
మంచి స్టడీయే, కాదనను. ఎముక కొరికితే గార రాలుతుంది, అందులో అనుమానం లేదు. కానీ ఎనిమిది కుక్కల్ని 20 రోజులు చూస్తే తరచూ జరిగేది తెలుస్తుంది, వందలో ఒకదానికి ఎప్పుడో జరిగేది తెలీదు. విరిగే పన్ను ఆ రెండో రకం.

పళ్ళడాక్టరు_పెట్స్
నేను పెట్ డెంటల్ పనే ఎక్కువ చేస్తాను, కాబట్టి ఇక్కడ కాస్త ఎక్కువ మాట్లాడతా, విసుగొస్తే స్క్రోల్ చేసుకోండి.

అందరూ పేగు పేగు అంటారు, నా దగ్గరికి ఎముక వల్ల వచ్చేవాటిలో ఎక్కువ విరిగిన పళ్ళే, ఓనర్‌కి అసలు విషయమే తెలీకుండా వస్తాయి. పెద్ద కుక్కకి 42 పళ్ళు. పైదవడలో రెండు వైపులా వెనగ్గా ఒక పెద్ద పన్నుంటుంది, నాలుగో ప్రీమోలార్, ఇది కింద పన్నుతో కలిసి కత్తెరలా మాంసాన్ని కోస్తుంది. గట్టి వస్తువేదైనా కుక్క దవడ పక్కకి నెట్టి కొరికేది దీంతోనే. కొరికే బలం మొత్తం ఒక్క చోట పడేసరికి పన్ను బయటివైపు పొర పలకలాగా ఊడొస్తుంది. కుక్క పంటి మీద ఎనామెల్ మన పంటికన్నా చాలా పల్చన, చాలాచోట్ల ఒక మిల్లీమీటరు కూడా ఉండదు. లోపల నరం బయటపడితే విరిగిన చోట మధ్యలో గులాబీరంగు చుక్క కనపడుతుంది, పాతదైతే నల్ల చుక్క.

ఇప్పుడు అసలు సంగతి, కుక్క చెప్పదు. తింటూనే ఉంటుంది, తోకూపుతూనే ఉంటుంది, మహా అయితే రెండోవైపు నమలడం మొదలెడుతుంది. వేరు దాకా చీము పట్టి కొన్ని నెలల తర్వాత కంటి కింద వాపొస్తే అప్పుడు "కందిరీగ కుట్టిందేమో చూడండి డాక్టర్" అని తెస్తారు. అప్పటికి మిగిలేవి రెండే దార్లు, రూట్ కెనాల్ లేదా పన్ను పీకడం, అది మూడు వేర్ల పన్ను, పీకడం చిన్న పని కాదు.

పచ్చిమాంసం_పార్టీ గారూ, మీరు జాగ్రత్తగానే ఇస్తున్నారు, కళ్ళముందే ఇవ్వడం, మింగలేని సైజు, టైమ్ పెట్టుకోవడం ఇవన్నీ గొంతుని పేగుని కాపాడతాయి. పంటిని కాపాడవు. పెద్ద జంతువు కాలెముక, శరీరం బరువు మోసే ఎముక అన్నమాట, అన్నింటికన్నా గట్టిది, మింగలేరని అందరూ అదే కొంటారు. జింక కొమ్ములు, గిట్టలు కూడా ఇంతే. మేం చెప్పే టెస్ట్ ఒకటుంది, బొటనవేలి గోరుతో నొక్కితే కొంచెమైనా దిగాలి, లేదా దాంతో మీ మోకాలి చిప్ప మీద కొట్టుకోవాలంటే భయమేస్తే అది కుక్క నోటికి కూడా వద్దు.

పచ్చిమాంసం_పార్టీ
మోకాలి టెస్ట్ బాగుంది, నవ్వొచ్చింది. సరే కాలెముక మానేస్తా. కానీ మెత్తటి పచ్చి ఎముక, లోపల స్పాంజిలా ఉండే భాగం, అది కూడా వద్దంటే ఒప్పుకోను. ఆ స్టడీలో గట్టి ఎముకకన్నా స్పాంజి ఎముకకే గార త్వరగా పోయింది, చూసుకోండి.

పళ్ళడాక్టరు_పెట్స్
చూశాను, కరెక్టే. పంటి వరకు మెత్తటిది నయం. కానీ మెత్తటిది ముక్కలుగా ఊడొస్తుంది, ముక్కలు పొట్టలోకి పోతాయి, అప్పుడు మళ్ళీ మన నైట్‌డ్యూటీ గారి చేతికే వెళ్తుంది కేసు. ఒకవైపు తగ్గించుకుంటే రెండోవైపు పెరుగుతుంది. నమిలి తినే నెమ్మది కుక్కకి ఒక లెక్క, గుటుక్కుమనే లాబ్‌కి ఇంకో లెక్క, అందుకే అందరికీ ఒకే జవాబు చెప్పమంటే నేను వద్దనే చెప్తా, ఎవరి కుక్క ఎలాంటిదో నాకు ఇక్కడ్నించి కనపడదు.

పసిపిల్లలఇల్లు
మా ఇంట్లో పాకే పిల్ల ఉంది, కుక్క ఎక్కడ నమిలితే అక్కడే ఇది పాకుతుంది, అది నాకిన చెయ్యి నోట్లో పెట్టుకుంటుంది. పచ్చి ఎముకకి సాల్మొనెల్లా బ్యాక్టీరియా ఉంటుందంటారు, కుక్కకేం కాదుగా మరి?

నైట్‌డ్యూటీ_వెట్
కుక్కకి చాలాసార్లు ఏం కాదు, అదే చిక్కు. సాల్మొనెల్లా, కాంపైలోబాక్టర్, కొన్ని రకాల ఈకొలై, ఈ బ్యాక్టీరియాలు కుక్క కడుపులో ఉన్నా పైకి ఆరోగ్యంగానే కనిపిస్తుంది, మలంలో మాత్రం బయటికొస్తూ ఉంటాయి. పసిపిల్లలు, పెద్దవాళ్ళు, గర్భిణులు, క్యాన్సర్ మందులు వాడేవాళ్ళు ఉన్న ఇంట్లో పచ్చివి వద్దనే అంటాను. అమెరికా వెట్‌ల సంఘం ఏవీఎంఏ కూడా 2012లో కుక్కలకీ పిల్లులకీ పచ్చి మాంసం పెట్టొద్దని పాలసీ తెచ్చింది. ఫ్రీజర్లో పెడితే చచ్చిపోతాయనుకుంటారు, చావవు, ఎక్కువ భాగం ఊరికే ఆగి ఉంటాయి.

కుక్కకి ఏం కాదన్న మాటకీ ఒక మినహాయింపుంది. పచ్చి కోడి మెడలు తినే కుక్కల్లో ఉన్నట్టుండి వెనక కాళ్ళు చచ్చుబడి అది పైకి పాకే జబ్బొకటుంది, మనుషుల్లో గిలాన్ బారే అంటారే అలాంటిది. మెల్‌బోర్న్ యూనివర్సిటీ వాళ్ళు 2018లో ఈ జబ్బున్న 27 కుక్కల్ని, లేని 47 కుక్కల్ని పోల్చారు, జబ్బున్నవాటిలో కాంపైలోబాక్టర్ దొరికే అవకాశం తొమ్మిది రెట్ల పైమాటే, పచ్చి చికెన్ తినడంతో ముడి కూడా గట్టిగానే కనపడింది. అరుదైన జబ్బే, చాలా కుక్కలు నెలల మీద కోలుకుంటాయి, కొన్ని కోలుకోవు.

పసిపిల్లలఇల్లు
చాలు సార్, మా ఇంట్లో ఆ టాపిక్ క్లోజ్.

కొత్తగా_వచ్చా
ప్యాకెట్లలో అమ్ముతారు కదా పొగబెట్టిన ఎముకలు, డాగ్ ట్రీట్ అని రాసే ఉంటుంది, అవి ఓకేనా? షాపులో సేఫ్ అన్నారు.

పుస్తకాలపురుగు
ప్యాకెట్ మీద కుక్క బొమ్మ ఉన్నంత మాత్రాన పచ్చిదైపోదుగా, అవి ఆరబెట్టి, పొగబెట్టి, బేక్ చేసినవే, అంటే వండినవే. అమెరికాలో తిండి, మందుల మీద నిఘా పెట్టే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌డీఏ 2017లో వీటి మీదే హెచ్చరిక ఇచ్చింది. 2010 నవంబరు నుంచి 2017 సెప్టెంబరు దాకా తమకొచ్చిన 68 దాకా రిపోర్టుల్లో 90 కుక్కలున్నాయి, వాటిలో 15 దాకా చనిపోయినట్టు చెప్పారు. ఎవరో పూనుకుని రిపోర్ట్ చేస్తేనే ఆ లెక్కలోకి ఎక్కుతాయి, సో అసలు సంఖ్య ఎంతో ఆ లెక్కతో చెప్పలేం.

కొత్తగా_వచ్చా
ఓహ్. థాంక్స్ అన్నా. మాది ఇంకా నాలుగు నెలల పిల్ల, పళ్ళూడుతున్నాయి, సోఫా కాళ్ళు కొరికేస్తోంది, అందుకని అడిగా.

పళ్ళడాక్టరు_పెట్స్
పాలపళ్ళు 28 ఉంటాయి, సుమారు మూడో నెల నుంచి ఊడటం మొదలై ఆరేడు నెలలకి అసలు పళ్ళు వచ్చేస్తాయి. అప్పటిదాకా గట్టివేవీ వద్దు. శుభ్రమైన గుడ్డ తడిపి మెలేసి ఫ్రీజర్లో పెట్టి ఇవ్వండి, మీరు దగ్గరుండి, చల్లగా చిగుళ్ళకి హాయిగా ఉంటుంది. పిల్లల సైజు రబ్బరు బొమ్మ, కాంగ్ లాంటిది, లోపల దాని తిండే కూరి ఇవ్వండి. ఐసు గడ్డలు మాత్రం వద్దు, అవీ పళ్ళు విరగ్గొడతాయి. పెద్ద జాతి పిల్ల అయితే ఎముకలు ఎక్కువ పెట్టి కాల్షియం ఎక్కించకండి, బలమొస్తుందనుకుంటారు గానీ పెరిగే వయసులో కాల్షియం ఎక్కువైతే కాళ్ళ ఎముకల ఎదుగుదలే పాడవుతుంది.

నల్లటోపీ
రింగులా కోసిన మూలుగ ఎముక గురించి ఎవరూ చెప్పలేదేంటి. మా తమ్ముడి కుక్క లోపలి మూలుగ నాకుతూ నాకుతూ ఆ రింగుని కింద దవడకి తొడిగేసుకుంది, కోరపళ్ళ వెనక్కి జారి కూర్చుంది, రాదు. కుక్క బెదిరిపోయి ఇల్లంతా పరిగెత్తుతూ గోడకేసి మూతి కొట్టుకోవడం. నూనె రాసినా రాలేదు, చివరికి మత్తిచ్చి కట్టర్‌తో కోసి తీశారు. ఆ ఎముక ముక్కని మావాడు కీచెయిన్ చేసుకున్నాడు, అది వేరే కథ.

నైట్‌డ్యూటీ_వెట్
ఇది మేం చాలా చూస్తాం, నూనెకి రాకపోతే లాగి పీకకండి, దవడ వాస్తే ఇంకా బిగుస్తుంది. మూలుగలో ఇంకో సంగతి, అదంతా కొవ్వే. ఒక్కసారిగా ఎక్కువ కొవ్వు పడితే కొన్ని కుక్కలకి ప్యాంక్రియాటైటిస్, అంటే క్లోమగ్రంథి వాపు, వస్తుంది, వాంతులు, భరించలేని కడుపునొప్పి. ఇంతకుముందొకసారి వచ్చిన కుక్కకైతే మూలుగ మాటే ఎత్తొద్దు.

బీగిల్అమ్మ
ఇంత రాసినందుకు అందరికీ థాంక్స్. మామగారికి ఆ విరిచిన ఎముక అంచు చూపించా. రుద్ది చూసి ఏం మాట్లాడలేదు, కానీ నిన్న లేస్తూ ప్లేట్ నా చేతికిచ్చారు, దానికి వెయ్యలేదు. ఇప్పుడు రెండు ప్రశ్నలు. వాకింగ్‌లో రోడ్డు మీద ఎముక దొరికితే చిట్టి వదలదు, దగ్గరికెళ్తే గుర్ర్ అంటుంది, ఎలా లాక్కోవాలి? ఇక ఉన్న గార సంగతేంటి?

సీటీవేస్తేవస్తాడు
మొదటిదానికి నేను చెప్తానండీ, ట్రైనింగ్ నా పని. లాక్కోకండి. మీరు వెంటపడితే చిట్టికి అర్థమయ్యేది ఒక్కటే, ఇది విలువైన వస్తువు, వీళ్ళకి దొరక్కముందే మింగెయ్యాలి అని. నమిలే ముక్కని కూడా అలా తొందరపెట్టి మింగించేది చాలాసార్లు మనమే. ఇంట్లో దానికి పెద్దగా ఇష్టం లేని బొమ్మతో మొదలెట్టండి. బొమ్మ నోట్లో ఉండగా ముక్కు దగ్గర దానికిష్టమైన తిండి పెట్టండి, బొమ్మ వదిలిన క్షణంలో "వదులు" అనండి, తిండి ఇవ్వండి, బొమ్మ కూడా మళ్ళీ ఇచ్చెయ్యండి. ఆ తిరిగి ఇవ్వడంలోనే ఉంది కిటుకంతా, వదిలితే పోదని దానికి నమ్మకం రావాలి. మెల్లగా ఇంకా ఇష్టమైన వస్తువుల మీదికి వెళ్ళండి. రోడ్డు మీద అయితే జేబులో బాగా వాసనొచ్చే తిండి ఉండాల్సిందే, నాలుగైదు ముక్కలు నేల మీద చల్లితే ఎముక వదిలి అటు తిరుగుతుంది, అప్పుడు లీష్‌తో పక్కకి నడిచెయ్యండి. గుర్రుమన్నందుకు తిట్టకండి, గుర్రు మానేసిన కుక్క చెప్పకుండా కరుస్తుంది. ఇంట్లో రెండు కుక్కలున్నవాళ్ళు, పిల్లలున్నవాళ్ళు నమిలే వస్తువేది ఇచ్చినా విడివిడిగా ఇవ్వండి.

పళ్ళడాక్టరు_పెట్స్
రెండోది నాది. గట్టిగా పట్టేసిన గార బ్రష్‌కి పోదు, మత్తిచ్చి చిగురు కింద కూడా క్లీన్ చెయ్యాలి, రోగమొచ్చేది ఆ కింద ఉన్నదాంతోనే. ఎముక కొరికితే పైకి కనపడేది రాలి పళ్ళు తెల్లగా కనపడతాయి, ఓనర్ నిశ్చింతగా ఉంటాడు, చిగురు కింద పని దాని పాటికి అది జరుగుతూ ఉంటుంది. ఒకసారి క్లీన్ చేయించాక రోజూ బ్రష్, కుక్కల పేస్టుతోనే, మన పేస్టు వద్దు, కొన్నిట్లో జైలిటాల్ అనే తీపి పదార్థం ఉంటుంది, కుక్కకి విషం. నమలడానికి ఏమైనా కొనేటట్టయితే వీఓహెచ్‌సీ (జంతువుల నోటి ఆరోగ్యం చూసే వెట్‌ల మండలి) సీల్ ఉందేమో చూడండి, పాచి, గార తగ్గిస్తుందని పరీక్షలు చూపించినవాటికే అది ఇస్తారు.

రాకీడాడీ
ఎముకతో సంబంధం ఉందని కాదు గానీ ఊరికే అడుగుతున్నా. రాకీ నిన్నట్నించి బయటికి తీసుకెళ్తే వీపు వంచి చాలాసేపు కూర్చుంటున్నాడు, ఏం రావట్లేదు. వేడి చేసిందేమో?

నైట్‌డ్యూటీ_వెట్
ఆఖర్న వచ్చింది ఏ రంగు? గట్టిగా ఉందా? వాంతి అయ్యిందా? తింటున్నాడా?

రాకీడాడీ
తెల్లగా సుద్దముక్కలా ఉంది, కిందపడితే పొడైంది. పొద్దున ఒకసారి కక్కాడు. టిఫిన్ పెడితే వాసన చూసి వెళ్ళిపోయాడు, వాడు తిండి వదలడం నేనెప్పుడూ చూడలేదు.

నైట్‌డ్యూటీ_వెట్
ఎముక పొడి పెద్దపేగులో పేరుకున్నట్టుంది, లోపల ముక్కలు కూడా ఉండొచ్చు. ఇవాళే తీసుకెళ్ళండి, సాయంత్రం దాకా ఆగొద్దు. నూనె పట్టించకండి, ఇంట్లో ఎనిమా పెట్టకండి, తిండి ఏం పెట్టకండి. ఎక్స్‌రే ఉన్న చోటికే వెళ్ళండి, ముందు ఫోన్ చేసి వెళ్తే వాళ్ళు రెడీగా ఉంటారు.

రాకీడాడీ
బయల్దేరుతున్నా. ఎముకల వల్లే అని తేలితే అప్పుడు చూద్దాం.

పచ్చిమాంసం_పార్టీ
ముందు వెళ్ళు బ్రో, వాదన మళ్ళీ వచ్చి పెట్టుకుందాం.